కొలిమికొండలో తుపాకి మాట

ఏడు మెట్ల కొండ మీద ఏడు వందల కొలుములున్న పట్టణం కొలిమికొండ. ఒకప్పుడు తెల్లవారేసరికి ఆ కొలుముల మంటలు కొండ మెడకు కట్టిన పగడాల పేరులాగా దూరదూరాలకు కనిపించేవి. ఇళ్ళ గోడలు పొగచూరి నల్లగా ఉన్నా గుమ్మాలకు మాత్రం ఇత్తడి రేకులు తాపడం చేసి ఉండేవి. ఎండ పొడ పడగానే వీధివీధంతా బంగారు నీళ్ళు చల్లినట్టు మెరిసేది. సమ్మెట దెబ్బలు విని బాటసారులు పొద్దు ఎంతయిందో చెప్పుకొనేవారు. అక్కడ చేసిన తుపాకుల పేరు వినని రాజ్యం లేదు.

అదంతా మూడేళ్ళ కిందటి మాట. మాంత్రికుడు ధూమకర్ణుడు ఆ పట్టణాన్ని పట్టుకున్న తరువాత ఇత్తడి రేకులు పచ్చగా చిలుము పట్టాయి. ప్రతి ఇంటి కప్పు మీదా ఒక ఇనుపముక్కు కాకి వచ్చి కూర్చుంది. తుపాకులు చేయవద్దని ధూమకర్ణుడు అనలేదు. ప్రతి పౌర్ణమికీ సగం తన సైన్యానికి తీసుకుపోతాడు, సగం అమ్ముకోమంటాడు. పేల్చడం మాత్రం కూడదు. పట్టణంలోనే కాదు, చుట్టుపక్కల కొండల్లో ఎక్కడ తుపాకి మోగినా కాకులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. అవి దిగి లేచిన చోట ఎముకలు తప్ప ఏమీ మిగలవు. అందుచేత తుపాకులు పుట్టే ఊళ్ళో మూడేళ్ళుగా ఒక్క తుపాకీ పేలలేదు.

అలాంటి పట్టణంలోకి ఒక ఉదయం ఉప్పు బస్తాల బండి ఒకటి వచ్చింది. బండి మీద పెద్ద తలపాగాతో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న లావుపాటి సెట్టి, నిజానికి వజ్రవేణి రాజ్యపు వంటశాల అధికారి కుంభన్న. చినిగిన కంబళి కప్పుకుని ఎద్దుల పక్కన నడుస్తున్న కూలివాడు ఆ రాజ్యపు యువరాజు జయంధరుడు.

"ఒరేయ్ జయా, కాస్త చురుగ్గా నడవరా. తిండి చూస్తే బస్తాడు, నడక చూస్తే నత్త" అన్నాడు కుంభన్న నలుగురూ వినేలా.

జయంధరుడు తల వంచుకునే, "ఈ వేషం నీకు బాగా నచ్చినట్టుంది" అన్నాడు మెల్లగా.

"పద్దెనిమిదేళ్ళు మీకు వడ్డించాను ప్రభూ. ఒక్క పూట తిట్టుకోనివ్వండి" అన్నాడు కుంభన్న, ఇంకా మెల్లగా.

జయంధరుడికి నవ్వు రాలేదు. నీలాక్షి సరస్సు ఒడ్డున నిలువునా శిలగా మారుతున్న అతని చెల్లెలు కుముద్వతి కళ్ళలో మెదులుతోంది. ఆమెను చెర పట్టి, తనను వరించలేదన్న కోపంతో ధూమకర్ణుడు వేసిన శాపం అది. రోజూ సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు సరస్సు మధ్య నుంచి ఒక రాతి స్తంభం పైకి లేస్తుంది. దానికి వేలాడే కంచుగంట ఏడుసార్లు మోగి మళ్ళీ మునిగిపోతుంది. మోగిన ప్రతిరోజూ రాయి జానెడు పైకి పాకుతుంది. నిన్నటి గంటతో భుజాల దాకా వచ్చింది. ఈ రోజు గంటతో గొంతు దాకా వస్తుంది. రేపటి గంటతో తల కూడా రాయి అవుతుంది. మోగుతున్న గంటను పగలగొడితే రాయి ఎక్కడికక్కడ ఆగిపోతుంది. బాణం అంత దూరం పోవడం లేదు. జయంధరుడు నలభై బాణాలు వేసి చూశాడు, నలభయ్యీ నీళ్ళపాలయ్యాయి. అసలు ఆ సరస్సు దగ్గరకు ఇంతకు ముందే చేరవలసినవాడు. దారిలో ముని వేషంలో ఎదురైన ధూమకర్ణుడి మాట నమ్మి ఎనిమిది రోజులు తూర్పు అడవుల్లో తిరిగాడు. ఆ ఎనిమిది రోజుల్లోనే చెల్లెలి చేతులు రాయి అయిపోయాయి.

"చేతులు పోయినప్పుడు బాగా ఏడ్చానన్నా. ఇప్పుడు తుడుచుకోవడానికి చేతుల్లేవని మానేశాను" అంది కుముద్వతి, అతను బయలుదేరేటప్పుడు.

కొలిమికొండ అంగడిలో రెండు వరుసలున్నాయి. ఎడమ చేతి వైపు కొత్త వరుస. మొదటి దుకాణం సానయ్య అనే ముసలి కమ్మరిది. లోపల గోడ నిండా తుపాకులు. ఒక గొట్టం చివర విచ్చిన తామరపువ్వు, మరొకదానికి మొసలి నోరు, ఇంకొకదాని కొయ్యపిడి మీద వెండి తీగెతో పురి విప్పిన నెమలి. ఈకకు ఈక, కంటికి కన్ను చెక్కి ఉంది. చూస్తే పేల్చబుద్ధి కాదు, పూజించబుద్ధి అవుతుంది.

"ఇట్లా దయచేయండి సెట్టిగారూ, ఏం కావాల?" అన్నాడు సానయ్య.

"దారిలో దొంగల భయం. నలుగురూ చూసి జడుసుకునేది ఒకటి ఇయ్యి" అన్నాడు కుంభన్న.

"జడుసుకోవాలంటే మీ మీసమే చాలు గదా. మళ్ళీ తుపాకి ఎందుకు దండగ?"

కుంభన్న మీసం దువ్వుకుంటూ ఉండగానే జయంధరుడు నెమలి తుపాకి తీసి గొట్టం వెంట కన్ను పెట్టి చూశాడు. తాను కూలివాణ్ణన్న సంగతి మరిచిపోయి, "దీన్ని స్తంభానికి కట్టి రెట్టింపు మందుతో పేల్చి చూశారా?" అని అడిగాడు.

సానయ్య ముఖంలో నవ్వు ఆరిపోయింది. అతడు కప్పు మీది కాకిని ఒకసారి చూసి దగ్గరగా వచ్చాడు.

"మూడేళ్ళ కిందట అయితే అట్లా పేల్చకుండా ఒక్కటీ గడప దాటేది కాదు. పగిలితే మా నష్టం, నిలిస్తే మీ భాగ్యం. ఇప్పుడు పేల్చేదేడ? ఇవన్నీ నోరు విప్పని పిల్లలప్పా. ఏది మాట్లాడుతుందో, ఏది పట్టుకున్నోని మొహమే పగలగొడుతుందో చేసిన నాకే తెలీదు. నీకెన్ని గుండ్లు పేల్చే పని?"

"ఒక్కటి."

"ఎప్పుడు?"

"రేపు మధ్యాహ్నం."

సానయ్య నెమలి తుపాకి అతని చేతిలో నుంచి తీసుకుని మళ్ళీ గోడకు తగిలించాడు. "అట్లయితే నా కాడ కొనొద్దు. కొత్తది కొన్నోడు వంద గుండ్లు కాల్చుకుని దాని గుణం తెలుసుకోవాల. అంత పొద్దు నీకు లేదు. పాతదయితే దాని గుణం తెలిసిన మనిషి ఒకరుంటారు. ఎదురు వరుసకు పో."

ఎదురు వరుసలో దుకాణాలు లేవు. చనిపోయిన తుపాకివీరుల భార్యలు గోడ వారగా చాపలు పరుచుకుని, ముందర ఒక్కొక్క తుపాకి పెట్టుకుని కూర్చుంటారు. కొనేవాడు వచ్చినప్పుడు ఆమె తుపాకి మీద అరచెయ్యి ఆనించి మూడు సంగతులు చెప్పాలి. ఎంత దూరం పోతుంది, ఏ పక్కకు లాగుతుంది, చివరిసారి పట్టినవాడు ఎట్లా పోయాడు. దానిని తుపాకి మాట అంటారు. పక్క చాపల వాళ్ళు సాక్షులు. మాట చెప్పకుండా అక్కడ తుపాకి చేతులు మారదు.

జయంధరుడు వీధి దాటబోతూ ఉండగా ఒక సైనికుడు అడ్డం వచ్చాడు. అతని చూపు జయంధరుడి చేతుల మీద ఉంది.

"ఉప్పు మోసేవాడి చేతులు పుండ్లు పడి పగిలి ఉంటాయి. నీ చేతుల్లో వింటినారి కాయ ఉంది. ఎవడివిరా నువ్వు?"

"మా ఆవిడ తమ్ముడు దొరా" అన్నాడు కుంభన్న బండి మీద నుంచే. "పని దొంగ. పిట్టలు కొట్టుకుంటూ తిరుగుతాడు. చేతులు పగలమంటే ఎట్లా పగులుతాయి?"

సైనికుడు నమ్మలేదు. కత్తి మీదికి చెయ్యి పోయింది. ఆ చెయ్యి కత్తిని చేరేలోపల జయంధరుడు అతణ్ణి భుజంతో తోసి పరుగు తీశాడు. వెనక బూరలు ఊదారు. అతను ఒక కొలిమి సందులో దూరి, ఎర్రగా కాలిన ఇనుము నీళ్ళలో ముంచుతున్న తొట్టి మీదుగా దూకాడు. బుస్సున లేచిన ఆవిరిలో వెంటపడినవాళ్ళు ఒకరినొకరు గుద్దుకున్నారు. గోడ ఎక్కాడు, కప్పు మీద పరుగెత్తాడు. ఇనుపముక్కు కాకులు తల తిప్పి చూశాయి గాని కదలలేదు, వాటికి తుపాకి మోతతోనే పని. రెండో కప్పు కూలింది. జయంధరుడు పెంకులతో సహా ఎదురు వరుసలో ఒక చాప మీద పడ్డాడు.

ఆ చాప మీద కూర్చున్నామె ఏమీ అడగలేదు. కప్పుకున్న కంబళి తీసి అతని మీద వేసి, పైన తుపాకి అడ్డంగా పెట్టి, దాన్ని నూనె గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది.

సైనికులు వచ్చారు. "ఏమే ముసల్దానా, ఎవడైనా ఇటు వచ్చాడా?"

"మా వరుసకు ఎవరొస్తారు నాయనా. వచ్చేటోళ్ళయితే ఇన్నేండ్లు ఇదిట్లా నా ముందర పడుంటాదా?"

ఒక సైనికుడు నవ్వాడు. "ఈమె ఆ గురి తప్పినోని అమ్మరా. ఈమె తుపాకి ఎవడు కొంటాడు?"

వాళ్ళు నవ్వుకుంటూ ముందుకు పోయారు. గుడ్డ పట్టుకున్న చెయ్యి చాలాసేపు ఒకేచోట తుడుస్తూ ఉండిపోయింది. ఆ తరువాత కంబళి తొలగింది.

"లెయ్ నాయనా, పోయినారు" అందామె. ఆమె పేరు ఈరమ్మ.

జయంధరుడు తానెవరో, తుపాకి దేనికో దాచకుండా చెప్పాడు. పక్క చాపల ఆడవాళ్ళు చేస్తున్న పనులు ఆపి విన్నారు. ఈరమ్మ ముందరున్న తుపాకి చూడడానికి మామూలుది. గొట్టం ఏడు జానల పొడుగు. కొయ్యపిడి మీద చెంప ఆనిన చోట నున్నగా అరిగి గుంట పడి ఉంది.

"మాట చెప్పు అమ్మా" అన్నాడు జయంధరుడు.

ఈరమ్మ అరచెయ్యి తుపాకి మీద పెట్టింది. "బాణం అలిసిపోయిన కాడి నుంచి మళ్ళీ అంత దూరం పోతాది. మా ఇంటాయన పద్దెనిమిదేండ్లు పట్టినాడు. జరమొచ్చి పోయినాడు గానీ, ఆయన ఉన్నన్నాళ్ళూ గురి తప్పినాడని ఎవురూ అనలేదు."

"ఏ పక్కకు లాగుతుంది?"

ఆమె గొట్టం మీది నూనె మరకను బొటనవేలితో తుడిచింది. "ఏ పక్కకూ లాగదు" అంది.

పక్క చాప మీది దాసమ్మ మూతి తిప్పింది. "లాగని గొట్టం ఏ లోకంలో ఉంది వదినా? మా మొగునిది రెండు వేళ్ళు పైకి ఎగురుతాదని నేను ఊరి ముందర చెప్పలేదా? ఆయనకు కోపమొస్తే కల్లోకి వచ్చి తిట్టుకోనీ. ఉన్నప్పుడు మాత్రం తిట్టలేదా?"

"లాగదంటే లాగదు" అంది ఈరమ్మ.

"చివరిసారి పట్టిందెవరు?"

"నా కొడుకు సిద్ధన్న. ఇరవై యేండ్లోడు. ధూమకర్ణుడు మా ఊరి వాకిట్లోకి వచ్చిన పొద్దు వాని మీద పేల్చినాడు. తగల్లేదు. ఇంకో గుండు నింపేదానికి వాడు ఉండ్లే." ఆమె నేల చూపులు చూసింది. "తుపాకి తప్పు కాదు. పిల్లోని చెయ్యి వణికింది."

కన్నకొడుకు తప్పును ఇంతమందిలో ఒప్పుకున్న తల్లి మరి దేనికీ అబద్ధం ఆడదని జయంధరుడు అనుకున్నాడు. వేలి ఉంగరం తీయబోతే ఆమె వద్దంది. "నా కాడ ఉంగరం పెట్టుకునే చేతులెవురికున్నాయి? ఒక మానిక ఉప్పు ఇచ్చి పో."

సైనికులంతా జయంధరుడి వెంట పరుగెత్తిన అదనులో కుంభన్న బండిని పక్కకు తప్పించాడు. దాసమ్మ దాన్ని సందులోకి పిలుచుకు వచ్చింది. ఉప్పులో పెడితే ఇనుము తుప్పు పడుతుందని ఈరమ్మ తన రెండో చీర ఆముదంలో తడిపి తుపాకికి చుట్టింది. జయంధరుడు ఒక బస్తాలో కూర్చున్నాడు. పక్క బస్తాలో తుపాకి. కప్పు మీద నుంచి పడ్డప్పుడు తగిలిన గాయాల్లోకి ఉప్పు దిగింది. పళ్ళు బిగబట్టాడు.

కోట వాకిట్లో కావలివాళ్ళు బస్తాల్లో బల్లేలు గుచ్చి చూశారు. మొదటిది ఖణేల్‌మంది.

"ఏముంది లోపల?"

"తూకపు గుండ్లు దొరా. ఉప్పుకు తూకం, తూకానికి గుండ్లు. తీసి చూపమంటే చూపుతా గానీ, ఉప్పంతా మళ్ళీ మీరే ఎత్తాల. నా నడుము వంగదు."

రెండో బల్లెం జయంధరుడి ఎడమ చేతిలో దిగింది. అతను ఊపిరి కూడా వదలలేదు. బల్లెం పైకి వస్తూ ఉండగా మొనను ఉప్పు తుడిచేసింది. "పో" అన్నాడు కావలివాడు.

మరునాడు సూర్యుడు నడినెత్తికి రాబోతున్నాడు.

నీలాక్షి సరస్సు కొండల మధ్య పరిచిన నీలపు పట్టులాగా కదలకుండా ఉంది. ఒడ్డున వెయ్యి రేకుల తెల్లకలువలు, వాటి మీద పగడపు రంగు తూనీగలు. ఆ అందమంతా మధ్యలో నల్లరాయి అయిన పడుచుపిల్ల నిలబడి ఉండడం వల్ల చూసేవాడికి దడ పుట్టిస్తుంది. జయంధరుడు చెల్లెలి పక్కనే ఒక బండ మీద తుపాకి ఆనించాడు. మందు పోసి, సీసపు గుండు వేసి, కడ్డీతో కూరి, వత్తి అంటించాడు. గంటను ఒక్కసారే కొట్టడానికి వీలుంటుంది. మోత వినగానే కాకులు వస్తాయి.

"అన్నా, తప్పినా పర్వాలేదు" అంది కుముద్వతి. "అమ్మకు మాత్రం నేను నిద్రలో పోయానని చెప్పు."

"తప్పదు" అన్నాడు జయంధరుడు.

అప్పుడే వెనక రాళ్ళు దొర్లిన చప్పుడైంది. కుంభన్న కత్తి దూసి తిరిగాడు. ఈరమ్మ వస్తోంది. నిన్న బండి బయలుదేరిన కొద్దిసేపటికే నడక మొదలుపెట్టినట్టుంది. కాళ్ళు పగిలి నెత్తురు కారుతున్నాయి.

"ఆగు నాయనా, పేల్చొద్దు. నిన్న అబద్ధం చెప్పినా. అది ఎడమకు లాగుతాది. ఇంత దూరానికి మూడు మూరలు."

కుంభన్న ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. "ప్రభూ, ముని వేషం వేసినవాడికి ముసలమ్మ వేషం వేయడం ఎంతసేపు? ఎనిమిది రోజులు తిరిగింది చాలదా? ఈ మాట విని మూడు మూరలు పక్కకు పేల్చారంటే అంతే."

నీళ్ళు రెండుగా చీలాయి. కలువలన్నీ ఒక పక్కకు ఒరిగాయి. సరస్సు నడుమ నుంచి పాచి పట్టిన రాతి స్తంభం పైకి లేచింది. దాని కొసన బండి చక్రమంత కంచుగంట నీళ్ళు కారుస్తూ ఊగడం మొదలుపెట్టింది.

"నిన్న తుపాకి మీద చెయ్యి పెట్టి లాగదని చెప్పావు. ఈ రోజు లాగుతుందంటున్నావు. ఏది నిజం?" అన్నాడు జయంధరుడు గొట్టం మీద నుంచి కన్ను తీయకుండా.

ఈరమ్మ నిలబడ్డ చోటే కూలబడింది. "ఆయన ప్రతి పొద్దూ దాన్ని తుడుస్తా, ఇదీ నా మాదిరే ఈరీ, చెప్పిన తావుకు పోదు, రవ్వంత కుడికి నిలబెట్టి పిలవాల అని నవ్వేటోడు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. సిద్ధన్న అది తీసుకుని వాకిలి దాటేటప్పుడు ఊరంతా నిలబడి చూస్తాండారు. మీ నాయన గురి ఎన్నడూ తప్పలేదు పో నాయనా అన్నా. ఎడమకు లాగుతాదని అంతమంది ముందర ఎట్లా చెప్పేది? చచ్చిపోయినాయనకు ఒంక పెట్టినట్టుంటాదని నోరు మూసుకున్నా. వాడు నా మాట నమ్మి సూటిగా పెట్టినాడు. గుండు ధూమకర్ణుని చెవి పక్కగా పోయింది."

గంట మొదటిసారి మోగింది. కొండలు ప్రతిధ్వనించాయి. రాయి కుముద్వతి గడ్డం కిందికి పాకింది.

"మూడేండ్లు ఊరంతా వాని చెయ్యి వణికింది అంటాంటే నేనూ అంటినే" అంది ఈరమ్మ. "నిన్న నీ ముందర గూడా అంటి. నువ్వు పోయినాక ఆ ఉప్పు వేసి గంజి తాగబోతే లోపలికి దిగలేదు."

"నమ్మకండి ప్రభూ" అన్నాడు కుంభన్న. కాని అతని గొంతులో ఇందాకటి పట్టు లేదు.

సూటిగా పెడితే నిన్నటి మాట. కుడికి పెడితే ఈనాటి మాట. రెండూ చెప్పింది ఒకే మనిషి. గొట్టం గంట మీదికి, గంట పక్కకు, మళ్ళీ గంట మీదికి కదిలింది.

"అన్నా" అంది కుముద్వతి. రాయి గడ్డానికి తగలడంతో మాట బిగుసుకుపోతోంది. "ఆమె నన్ను కాపాడడానికి రాలేదు. కొడుకును కాపాడుకోవడానికి వచ్చింది. ఇలాంటి మాట మాంత్రికుడికి చేతకాదు. కుడికి పెట్టు."

గంట రెండోసారి మోగింది. కింది పెదవి రాయి అయింది. ఆమె ఇంకేదో చెప్పబోయింది. మూడోసారి మోగింది. పై పెదవి కూడా రాయి అయింది. చెప్పబోయిన మాట లోపలే ఉండిపోయింది.

జయంధరుడు గొట్టం గురిని గంట నుంచి మూడు మూరలు కుడికి జరిపాడు. ఇప్పుడు దాని ముందర గంట లేదు, స్తంభం లేదు. ఖాళీ ఆకాశం, దాని కింద నీళ్ళు మాత్రమే ఉన్నాయి. ఆ ఖాళీలోకి కన్ను పెట్టి, చెల్లెలి ముఖం వైపు చూడకుండా, వత్తిని మందుకు తగిలించాడు.

తుపాకి ఉరిమింది. మూడేళ్ళ తరువాత ఆ కొండల్లో మోగిన మొదటి తుపాకి అది. పొగ ముఖం మీదికి కొట్టింది. పొగలో నుంచి నాలుగో గంట వినిపిస్తుందేమోనని ముగ్గురూ చెవులు రిక్కించారు. కంచు చిట్లిన చప్పుడు వినిపించింది. ఆ వెనకే ఏదో బరువైనది నీళ్ళలో పడిన మోత. పొగ తొలగేసరికి స్తంభం కొసన ఖాళీ గొలుసు ఊగుతోంది.

జయంధరుడు చెల్లెలి దగ్గరకు పరుగెత్తాడు. రాయి ముక్కు కిందనే ఆగిపోయింది. అతను అరచెయ్యి పెట్టి చూశాడు. వెచ్చటి ఊపిరి తగిలింది. ప్రాణం ఉంది. కాని రాయి ఒక్క వేలెడు కూడా వెనక్కి తగ్గలేదు. నల్లరాతి పెదవుల పైన రెండు కళ్ళు సజీవంగా అతని వైపు చూస్తున్నాయి. అవి నిండి కారడం మొదలుపెట్టాయి. అతను తన పైగుడ్డతో తుడిచాడు. తుడిచిన కొద్దీ కారుతున్నాయి.

"మాట తెప్పిస్తాను తల్లీ" అన్నాడు. "ఆ ధూమకర్ణుడి గొంతులో నుంచి లాగైనా తెప్పిస్తాను."

ఈరమ్మ ఇంకా నేల మీదే ఉంది. ఆమె చూపు అంత దూరం ఆనదు. "తగిలిందా నాయనా?" అని అడిగింది.

"నట్టనడుమ తగిలింది అవ్వా" అన్నాడు కుంభన్న. ఆమె సంతోషిస్తుందనుకుని ఇంకా కలిపాడు. "మూడు మూరలంటే సరిగ్గా మూడు మూరలు. గింజంత తేడా రాలేదు."

ఈరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి గాని ఏడుపు బయటికి రాలేదు. కొంతసేపటికి కొంగు తీసి, ఎవరితోనూ కాకుండా, "అట్లయితే వాని చెయ్యి వణకలేదు" అంది.

ఉత్తరపు కొండల మీద ఆకాశం నల్లబడింది. కొలిమికొండలోని ఏడు వందల కప్పుల మీది కాకులూ ఒకటిగా లేచి వస్తున్నాయి. ఇనుపముక్కులు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్న చప్పుడు వడగళ్ళ వానలాగా దగ్గరవుతోంది. అన్నిటికంటే ముందు గద్దంత పెద్ద కాకి ఒకటి ఎగురుతోంది. దాని మెడలో మాంత్రికుడి తాయెత్తు మెరుస్తోంది. మిగతా కాకులన్నీ అది తిరిగినప్పుడు తిరుగుతున్నాయి, అది దిగినప్పుడు దిగుతున్నాయి.

కదలలేని కుముద్వతికి అడ్డంగా కుంభన్న కత్తి పట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, నేను రెండు కాకులకు చాలతానేమో. మిగతా వాటి సంగతి మీరే చూడండి" అన్నాడు.

జయంధరుడు వేడి ఆరని గొట్టంలో మందు పోశాడు. ఎడమ చేతి గాయం మళ్ళీ తెరుచుకుని నెత్తురు కొయ్యపిడి మీదుగా కారుతోంది. గుండు వేసి కూరాడు. చెంప ఆ అరిగిన గుంటలో ఆనించి తుపాకిని ఆ తాయెత్తు కాకి వైపు ఎత్తాడు.

ఈరమ్మ చేతులు నేలకు ఆనించి లేచింది. వచ్చి అతని భుజం పక్కన, ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడింది.

"ఎంత దూరంలో ఉంది చెప్పు నాయనా" అంది. "నాకు కనపడదు. దూరం చెప్పు, చాలు."

"గంట ఉన్న దూరంలో సగం."

"అట్లయితే మూరన్నర కుడికి పెట్టు. తొందరపడాకు. ఇంకా రానీ. ఇంకా."